ఎరుపు మూత, నీలం మూత

నల్ల ఏరు దాటాక ఇరవై మైళ్లు
నేలంతా గడ్డి, పైనంతా గాలి.
ఉరుగ్వేలో అక్టోబరంటే వసంతం.
జీపు వెంటపడి తీతువులు అరుస్తాయి.
ఇక్కడ వాటి అరుపు చావు కబురు కాదు,
గుడ్లు పెట్టుకున్నాం, చూసి తొక్కమని.

నూట ఇరవై ఆవులు.
ఈనాక ఎదకు రానివి,
వచ్చినా నిలవనివి,
బకెట్ల కొద్దీ పాలిచ్చి
ఒళ్లు గుల్ల చేసుకున్నవి.

నా పెట్టెలో రెండు రకాల సీసాలు.
ఒకదాంట్లో ప్రోటీను,
హార్మోను వేషం కట్టి
అండాశయం తలుపు తట్టేది,
నేను నీకు తెలిసినదాన్నే, తియ్యి అనేది.
ఇంకోదాంట్లో ఉప్పునీళ్లు.
ఎరుపు మూత కింద ఏముందో
నీలం మూత కింద ఏముందో
నాకూ తెలియదు.
తెలిసిన కవరు మోంటెవిడియోలో
బీరువాలో తాళం కింద ఉంది.

పశువుల కాపరి కసిమీరో
సీసా ఎత్తి వెలుగులో తిప్పాడు.
"ఇది గుర్రాలదేనా?"
కాదన్నాను. ఇప్పుడు గాజుకుండలో పెంచిన కణాలు చేస్తాయి.
వాళ్ల నాన్న చూడి గుర్రాల కొట్టంలో పనిచేశాడట.
వారానికోసారి మెడ నరంలోంచి
సంచి నిండా నెత్తురు.
"ఆ నెత్తుటితో ఎక్కడెక్కడి ఆవులకో కడుపులు పండేవి.
గుర్రప్పిల్లల్ని మాత్రం నేనెన్నడూ చూళ్లేదు."
మాతే గొట్టం నోట్లోంచి తీసి
పక్కకి ఉమ్మాడు.
"ఇదే మేలు. గాజుకి కళ్లుండవు."

రెండొందల పన్నెండు మూడుసార్లు తప్పింది.
ఈసారీ తప్పితే కబేళా లారీ.
"దీనికి మంచిది పడెయ్" అన్నాడు.
ఏది మంచిదో చెప్పు, పడేస్తానన్నాను.
రెండు మూతలూ వాసన చూశాడు.
"ఎరుపే. నెత్తురు రంగు కదా."
నా జాబితాలో దాని ఎదురుగా నీలం అని ఉంది.
చెయ్యి ఆగింది.
దాచను, ఆగింది.
తర్వాత మెడ కండలో నీలమే దించాను.
చెవికున్న పసుపు బిళ్ల ఒక్కసారి ఊగింది.
ఆవు గడ్డి వైపు తిరిగింది.

ముప్ఫై మూడో రోజు.
భుజం దాకా తొడుగు, తెర మీద బూడిద ముసురు,
ముసురులో నల్లటి గుంట,
గుంటలో ఆవగింజంత మినుకు
ఆరుతూ, వెలుగుతూ, ఆరుతూ.
నిలిచింది.
కసిమీరో టోపీ తీశాడు,
మళ్లీ పెట్టుకున్నాడు.

పక్కది తొంభై ఆరు. ఎరుపు మూత.
తెర మీద ముసురు.
జరిపి చూశాను. ముసురే.
"ఖాళీ" అని రాశాను.
నా దస్తూరి ఆ రోజు కుదురుగానే వచ్చింది.
గురువారం లారీ బల్ల మీద గిట్టల చప్పుడు
పాలగది దాకా వినిపించింది.

డిసెంబరులో కవరు విప్పారు.
ఎరుపే మందు.
మందు పడ్డ అరవైలో ముప్ఫై ఒకటి నిలిచాయి,
నీళ్లు పడ్డ అరవైలో ఇరవై ఆరు.
లెక్కలు చూసే నెలిదా కళ్లజోడు నుదుటి మీదికి తోసి
"ఐదంటే మందూ కావచ్చు, గాలివాటమూ కావచ్చు,
ఇంకో నాలుగొందల ఆవుల్ని పట్టుకురా" అంది.

కసిమీరోకి ఫోను చేశాను,
నీ రెండొందల పన్నెండుకి పడింది ఉప్పునీళ్లని.
కాసేపు అటునుంచి గాలి.
తర్వాత నవ్వు.
"రోజూ పొద్దున్నే దాని చెవిలో మాట్లాడేవాణ్ని.
ఆ గడి ఎక్కడుంది నీ పట్టికలో?"
లేదన్నాను.
తొంభై ఆరుతో కూడా మాట్లాడావా అని
అడగబోయి మానేశాను.

మార్చిలో మళ్లీ అదే దారి.
గుడ్లు లేని కాలం,
తీతువులు అలవాటు కొద్దీ అరిచాయి.
ఈసారి మూతలు పసుపు, ఆకుపచ్చ.
కంచె అవతల రెండొందల పన్నెండు
బరువుగా, మమ్మల్ని పట్టించుకోకుండా నెమరేస్తోంది.
గేటు దగ్గర కసిమీరో
చెయ్యి చాపి నిలబడ్డాడు,
ముందు తను వాసన చూడాలట.