తడి ఆకు

కెరిచోలో రోజూ మధ్యాహ్నం వాన.
తడి ఆకని చెప్పి గుమాస్తా
నా గంపలోంచి రెండు కిలోలు కొట్టేసేవాడు.
ఎండ కాసిన రోజూ కొట్టేసేవాడు.
పంతొమ్మిదేళ్ల ఆ రెండేసి కిలోలు
ఎవరి కప్పుల్లో మరిగాయో!

ఇప్పుడు ఆ త్రాసూ లేదు.
తేయాకు వరసల మీద యంత్రం నడుస్తోంది,
చిగురనీ ముదురనీ చూడదు, గొరిగేస్తుంది.
నా బొటనవేలి గోరు మాత్రం ఇంకా నల్లగానే ఉంది.
పని పోయిన సంగతి దానికెవరూ చెప్పలేదు.

రేకుల గుడిలో వాన చప్పుడుకి
పాస్టర్ చెరుయోట్ మాట సగమే వినబడుతుంది.
మిగతా సగంలో నేను అడుగుతాను:
ప్రభువా, నజరేతులో నువ్వు చేసిచ్చిన తలుపుకి
ఎవరైనా కూలి ఎగ్గొట్టారా?
ఆ రాత్రి మీ అమ్మకి ఏం చెప్పావు?

జవాబు రాలేదు.
బయటికొచ్చాక తప్రాండిచ్
(ఆమెనీ తీసేశారు)
తన మొక్కజొన్న పిండిలోంచి
నా సంచిలోకి ఒంపింది,
కొలవకుండా.

సాయంత్రం అయిదయింది.
ఎవరూ పిలవని వాళ్లం
ఇంకా గేటు దగ్గరే ఉన్నాం.
ఇంత పొద్దుపోయాక కూడా
కూలీల్ని వెతుక్కుంటూ వచ్చే యజమాని
ఒకడున్నాడని విన్నాం.

వాన వెలిసింది.
చేతులు తుడుచుకుని నిలబడ్డాను.