కొసరు

గుణుపురం కోర్టు ఎదురుగా నీలం పట్టా కింద
నా టైపు మిషను.
ఒడియాకి ఒక రేటు, ఇంగ్లీషుకి ఇంకో రేటు,
తెలుగులో ఏడిస్తే వినడం ఉచితం.

సంత ముగించుకుని వచ్చింది తూముల సన్యాసమ్మ,
వేళ్ళ పగుళ్ళలో ఇంకా ఉప్పు.
వెనకాలే సుక్రు గమాంగో,
పుట్టాసింగి కొండమీదివాడు.
ఇద్దరి చంకల్లోనూ బరంపురం ఆసుపత్రి వాళ్ళ
ఒకే రంగు ఫైలు.
నెత్తురులో తెల్లకణాలు పొంగే జబ్బు.
రోజుకో మాత్ర, ఉన్నన్నాళ్ళూ.

కలకత్తా ఆఫీసుకి అభ్యంతరం రాయాలి.
వకీలు అమ్మాయి చెప్పినదాన్ని నేను విప్పి చెప్పాను:
మందు కనిపెట్టినవాడికి ఇరవై ఏళ్ళు గుత్త.
గడువు తీరబోతోందనగా
అదే మందుకి ఉప్పు మార్చాడు,
మళ్ళీ ఇరవై అడుగుతున్నాడు.

"ఉప్పా?"
"ఉప్పే. రసాయనాల్లో అలాగే అంటారు."

పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది.
"నౌపడ మడుల్లో పుట్టినదాన్ని బాబూ,
నాకు ఉప్పు గురించి సెప్తావేటి?
కల్లుప్పు తీసి మెత్తుప్పు ఏస్తే
వంకాయ మారిపోద్దేటి?"

టైపు చేశాను.
ఇదే మాట వకీలు అమ్మాయి మూడు పేజీల్లో రాసింది.

లేచేదల్లా మళ్ళీ కూర్చుంది.
"ఇంకోటి రాయి.
మాయమ్మ చిన్నబండిలో ఉప్పు బస్తాతో వచ్చేది.
కొండోళ్ళు పసుపు దింపేవోరు.
సోలెడు ఉప్పుకి కుంచెడు పసుపు.
అలాగెందుకే అనడిగితే
'ఆళ్ళకాడ ఉప్పు నేదు కదే' అంది.
అంతే లెక్క.
ఆ కంపెనీవోడు మాయమ్మకి సుట్టమేమో."

సుక్రు నేల చూస్తున్నాడు.
అతనికి తెలుగు వచ్చు, సంతకి సరిపడా.

ఫారంలో దానికి గడి లేదు.
"సంబంధం లేని సంగతి" అంది వకీలు అమ్మాయి, మెల్లగా.
కాగితం మీద కొట్టలేదు నేను.
లోపల కొట్టేయలేకపోయాను.

ఉప్పు తినేసిన బొటనవేలు ఆమెది,
మూడుసార్లు అద్దినా గీత పడలేదు,
నాలుగోసారికి ఓ మసక మచ్చ.
సుక్రు తన సవర లిపిలో సంతకం పెట్టాడు,
నా మిషనులో లేని అక్షరాలు.
తర్వాత అడిగాడు, మాత్రలు నెలకెంత అని.
చెప్పాను.
మళ్ళీ అడిగాడు,
తెలుగు తప్పుగా విన్నాననుకుని.

విచారణ వానలు వెళ్ళాక.
మెట్ల దగ్గర ఆమె బస్తా మూతి విప్పింది.
సోల నింపి, చేత్తో తల కొట్టి,
అతని సంచిలో పోసింది.
కొసరుగా గుప్పెడు.
ఆగి, ఇంకో గుప్పెడు.

వంశధార వైపు నుంచి గాలి.
సుక్రు సంచి మూతి
ఇంకా తెరిచే పట్టుకున్నాడు.