అమ్మమ్మల సముద్రం

జెజు దీవిలో లోతులేని నీళ్లకు
అమ్మమ్మల సముద్రం అని పేరు.
మోకాళ్లు అరిగినవాళ్లకీ, చెవులు పోయినవాళ్లకీ
ఊరు వదిలిపెట్టిన వాటా అది.
పడుచువాళ్లు అక్కడ మునగరు. కట్టుబాటు.

పోయిన చలికాలం నన్నూ అక్కడికి పంపారు.
నన్ను! ఈ బు మల్‌సున్‌ని!
పది నిలువుల అడుగున
నల్లరాతిని కరుచుకున్న అబలోన్ గుల్లని
ఒక్క మెలితో ఊడబెరికినదాన్ని.
పాస్టరుగారు బలహీనత గురించి చెప్పినప్పుడల్లా
హాయిగా కునుకు తీసేదాన్ని,
ఎవరి సంగతో కదా అని.

నాకు గడియారం అక్కర్లేదు. ప్రార్థనే కొలత.
పడవ మీంచి తలకిందులుగా దిగుతూ
ప్రభువు నేర్పింది లోలోపల మొదలుపెడితే
ఆమేన్ దాకా ఒకటే ఊపిరి.
ఆ పైన పిల్లల పేర్లు, పోయిన మొగుడి పేరు,
చర్చి పైకప్పు కురుస్తున్న సంగతి కూడా.
అంత ఊపిరి ఉండేది.
దాన్నే భక్తి అనుకున్నాను.

ఇప్పుడో,
తలనొప్పి పొడి మింగి, నడుముకి సీసం బిగించి
రెండు నిలువుల నీళ్లలోకి దిగుతానా,
అన్నం అడిగే మాట దగ్గరే
రొమ్ము పగిలిపోతుంది.
పైకి తన్నుకొస్తాను.
పెదాల మధ్య ఈల, మా ఆడవాళ్ల ఈల,
పోయిన ప్రాణం తిరిగొచ్చే చప్పుడు.
మిగతా ప్రార్థన గాలిలో చెప్పుకోవాల్సిందే.

ఆ మిగతాలో మొదటి మాట ఏదో మీకు తెలుసు.

మా అమ్మ కాలంలో నిజంగా సొరబుర్రలే,
ఇప్పుడు నారింజరంగు థర్మోకోల్ బుర్రలు.
నా బుర్రకి పది మూరల దూరంలో
ఇంకో బుర్ర. యాంగ్ గుమ్‌న్యోది.
పదకొండేళ్లుగా మాటల్లేవు మాకు.
ఒక గుల్ల నాదని నేను, తనదని తను.
అది ఎవరిదో నాకు ఆ రోజే తెలుసు.
ఆదివారం ఆదివారం ఒకే బెంచీకి చెరో కొసన కూర్చుని
క్షమించమని అడిగేవాళ్లం.
అందరి గొంతుల్లో నా గొంతు దాక్కునేది.
నీళ్లడుగున అయితే
చేపలు తప్ప వినేవాళ్లు లేరు.

రొప్పుతూ, పైకే అన్నాను.
సగంలో దగ్గు.
ఆ సందులో ఓ అల నోట్లో ఉప్పునీళ్లు కొట్టింది.
మిగిలిన సగం
పది మూరల అవతలినుంచి వినబడింది,
అంతే ఆయాసంతో.

"ఆ గుల్ల నీదే," అన్నాను.
"తెలుసు," అంది గుమ్‌న్యో, బుర్ర మీద గడ్డం ఆన్చి.
"అంత పెద్దది కూడా కాదులే."

సాయంత్రానికి నా వలసంచిలో నాలుగు నత్తగుల్లలు.
ఒడ్డు రాళ్లెక్కేటప్పుడు
ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నామో గుర్తులేదు.
ఇద్దరిలో ఎవరికీ నిలబడే సత్తువ లేదు,
అయినా ఇద్దరం గట్టెక్కాం.
దాన్ని మోసినవాడు ఇంకొకడని
నాకైతే అనుమానం లేదు.

రేపు ఇంకాస్త ముందే ఊపిరి అయిపోతుందేమో.
పోనీ.
పైన పలకాల్సిన మాటలు
ఇంకా చాలా ఉన్నాయి నా దగ్గర.