సాక్షి దిబ్బ

నకిరేకల్ అవతల, పాత కాలువ గట్టున
ఒకప్పుడు గేజీలు రాసుకునే గది.
ఇప్పుడది మ్యూజియం.
తాళంచెవి లస్కర్ ఖాజామియా లుంగీ మడతల.

"చెప్పులెందుకమ్మా, గుడి కాదు" అన్నడు.
అప్పటికే విడిచిన.

గోడకు ఉర్దూల నక్షా,
చెదలు తిన్న కాడ మూడు ఊళ్లు లేవు.
కొలత గొలుసుకు నూరు కడియాలని రాసుంది,
లెక్కపెడితే తొంబై ఏడు.

ఇంకో పక్క ఫోటో.
కుర్చీలల్ల టోపీల దొరలు నలుగురు, కింద నాలుగు పేర్లు.
వాళ్ల వెనక, తవ్విన గుంత నడిమిట్ల
ఒంటిగ మట్టి దిబ్బ, నెత్తిన గడ్డి.
"అదేందో ఎవలు రాయలే" అన్నడు ఖాజామియా.

నాకు ఎరికే.
మా ముత్తవ్వ వల్లెపు సాయవ్వ చెప్పిపోయిన ముచ్చట:
ఎంత లోతు తవ్వినమో కొలవనీకె
ఒక దిబ్బ ముట్టకుండ ఇడుస్తరు. అదే సాక్షి.
మేస్త్రి కొలకర్ర తెచ్చే ముందు రాత్రి
గడ్డిని రొట్టె లెక్క లేపి
కింద జానెడు మన్ను కూరి
మళ్ల కప్పి, నీళ్లు చల్లేటోళ్లు.
జానెడంటే పిల్లలకు ఇంకో పూట గటక.

కూలి ముట్టినంక
సాక్షిని గూడ తవ్వి తట్టకెత్తుడే.

అద్దానికి కన్ను ఆనించి చూసిన.
గడ్డి కింద సన్నటి గీత,
గీత పైన మన్ను కొంచెం నలుపు.
నవ్వు ఆగలే.

రిజిస్టర్ల "వచ్చిన పని" గడిల
"కొలత" అని రాసిన.

బయట కాలువ ఎండిపోయుంది.
దిగి, నడిమిట్ల నిలబడి
ఎండకు చున్నీ నెత్తిన కప్పుకున్న.
గట్టు మీంచి ఖాజామియా పిలుస్తనే ఉన్నడు
పైకి రమ్మని.