వినియోగ పత్రం

మార్చి ఇరవై ఎనిమిదిన పడింది డబ్బు.
ముప్పై ఒకటిలోగా ఖర్చయిపోవాలట.

ఏడాదిగా పెరంబూరులో
సైకిల్ షాపు మిద్దె మీద
అద్దె బాకీతోనే రిహార్సల్ వేశాం.
పాత బాకీలకు వాడరాదని షరతు.

డప్పుకు తోలు బిగించిన చెంగల్రాయుడు
బిల్లడిగితే నవ్వాడు:
"జీఎస్టీ నంబరా సామీ,
మేకనడుగు."

టీల మునెమ్మ మాత్రం
కేలండరు కాయితం వెనక
వేలిముద్ర వేసిచ్చింది.
ఆడిటరు తిప్పి పంపాడు.

రాత్రంతా ఫారం నింపుతున్నా.
"కొలవదగిన ఫలితాలు" అన్న గడి దగ్గర
పెన్ను ఆగింది.

మొన్న వ్యాసర్‌పాడి ఆటలో కరెంటు పోతే
ఒక్కరూ లేవలేదు,
ఫోన్ల వెలుగు మా మొహాల మీదికి పట్టారు.

ఎన్ని ఫోన్లో లెక్కపెట్టలేదు.
అప్పుడు
నా డైలాగుంది.