రేకుల కప్పు

లాంకషైర్‌లో, మగ్గాల ఊళ్ళో,
పంతొమ్మిది వందల పదకొండులో లేచిందా హాలు.
ముందు ఇటుక, వెనక అంతా రేకు.

మిల్లు మోతలో చెవులు పోయి
పెదాలు చదవడం నేర్చిన ఆడవాళ్ళు
శనివారం ముందు బెంచీల్లో.
మూకీలో నాయకుడు మోకరిల్లాడు.
తెరమీది అక్షరాలేమో "ప్రాణమా" అన్నాయి.
సెలీనా ఓగ్డెన్ వరసంతా పగలబడి నవ్వింది:
వాడన్నది
"బూటు కరుస్తోందిరా" అని.

తర్వాత బొమ్మకి మాటొచ్చింది.
వానా వచ్చింది, రేకుల మీద, ఎప్పట్లాగే.
ఒక్కరికీ ఒక్క ముక్క వినపడలేదు.
సెలీనా బెంచీ ఎక్కి
హాలంతటికీ కథ అరిచి చెప్పింది.
మేనేజరు ఆవిడ ఆరు పెన్నీలు తిరిగిచ్చాడట.

ఇప్పుడక్కడ తివాచీలమ్ముతారు.
నిన్న వానలో కొట్టతను ఏదో ధర చెప్పాడు.
సెలీనా మనవరాల్ని,
అతని పెదాలకేసే చూశాను.
మళ్ళీ చెప్పమన్నాను.