తుడిచినవి కూడా

దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని
చీమకుర్తి బస్సులో తెచ్చింది సీపీయూని.
"బాగా నిదానమైపోయింది అబ్బయ్యా,
అక్షరం కొట్టి, కూరకి తాలింపు పెట్టొచ్చినా
తెర మీదకి రావట్లా" అంది.

మూత తీస్తే ఫ్యాను రెక్కల మీద క్వారీ దుమ్ము,
బూడిదరంగు, వేలికి మెత్తగా.
చీమకుర్తి నుంచి ఏదొచ్చినా ఇంతే,
ఫ్యానైనా, మనిషి ముక్కైనా.
బ్లోయర్ పెట్టి ఊదాను. తుమ్మాను.
అప్పుడు కనబడింది
లోపలి రేకు మీద, మార్కర్‌తో,
నేనే వేసిన తేదీ. నా పొడి సంతకం.

పోయిన వేసవి.
కర్నూలు రోడ్డు మీద తారు కరిగే మధ్యాహ్నం
మాలకొండయ్య వచ్చి కూర్చున్నాడు.
క్వారీ కాటా దగ్గర గుమాస్తా.
"లారీలో ఎంత రాయి ఎక్కిందో
కాటా చెబుద్ది గదా,
ఇంట్లో దానికీ అట్టాంటిదొకటి కావాల" అన్నాడు.
నేను నవ్వాను.
నవ్వానా? నవ్వాను. అది ఒప్పుకోవాలి.
పదిహేను వందలు. నిమ్మకాయ సోడా ఆయనే తెప్పించాడు.
అరగంటలో పెట్టేశాను,
ప్రింటర్ డ్రైవరని పేరు తగిలించి.
ఆ ఇంట్లో ప్రింటరే లేదు.

ఇప్పుడామె స్టూలు మీద కూర్చుని ఉంది.
సుభాషిణి అని బిల్లు మీద రాశాను.
దుప్పటి మడతపెడుతోంది,
విప్పి మళ్లీ మడతపెడుతోంది.
నేను ఫైలు తెరిచాను.
తెరవకూడదు. తెరిచాను.

కొట్టిన ప్రతి మీటా ఉంది, గంటా నిమిషంతో.
అంగన్‌వాడీ సూపర్‌వైజర్ పోస్టుకి అర్హతలు.
చేపల పులుసులో మామిడికాయ ఎప్పుడెయ్యాలి.
చెల్లెలికి ఉత్తరం, ఇంగ్లీషు అక్షరాల తెలుగులో:
నేను బానే ఉన్నా.
దానికి ముందు పదకొండు అక్షరాలు కొట్టి
పదకొండూ వెనక్కి.
కాయితమైతే కొట్టివేత మిగుల్తుంది,
పలకైతే తడిగుడ్డకి పోతుంది,
నేను పెట్టినదాంట్లో తుడిచినవి కూడా ఉంటాయి.
ఆ పదకొండూ ఏంటో మీకు చెప్పను.
ఒకడు చదివిందే ఎక్కువ. ఇద్దరం చదివాం.

టీ తెప్పించాను. నోరెండింది.
"అమ్మా, దుమ్మొక్కటే కాదు" అన్నాను.
మిగతాది ఏ వరసలో వచ్చిందో తెలీదు.
ఆమె అరవలా. ఏడవలా.
"నువ్వేనా పెట్టింది?"
"నేనే."
"ఎంతిచ్చాడు?"
చెప్పాను.
"తీయడానికెంత?"

బయట గ్రానైటు లారీ పోతోంది,
గొలుసులేసిన నల్లబండ మీద ఎండ చుక్కలు చుక్కలుగా.
కొట్లో గాజు బీరువా వణికింది.

"ఊరికే తీస్తా. కానీ తీస్తే
ఈ రాత్రికే ఆయనకి తెలిసిపోద్ది."
రోజూ తొమ్మిదింటికి ఆయన మెయిలుకి
పోవాల్సిన మూట పోదు.
కాటా ఆగితే ముందు లేచేది గుమాస్తానే.

చాలాసేపు దుప్పటి అంచు చూసుకుంది.
"అయితే ఉండనీ. దాంట్లో
చేపల పులుసే కొడతాలే" అంది.
తర్వాత, "ఆ మూల కంప్యూటరెవరిది?"
"నాదే. లెక్కలకి."
"మంగళారం మా చిన్నోణ్ణి ట్యూషన్‌కి తెస్తా ఒంగోలు.
గంట ఖాళీ."

మంగళవారం వచ్చింది. కూర్చోలా.
అన్నీ తెరిచి చూపించమంది.
ప్రింటర్ డ్రైవర్ కనబడగానే
"ప్రింటరేదీ?" అంది.
చూపించాను.
"ఒక కాయితం తియ్యి."
తీశాను. తెల్లకాయితం, వెచ్చగా.
దాన్ని వెలుతురుకి పెట్టి, రెండువైపులా చూసి,
అప్పుడు కూర్చుంది.

నేను షట్టర్ బయటికొచ్చి
రోడ్డుకేసి తిరిగి నిలబడ్డాను.
లోపల మీటల చప్పుడు. ఆగి, మళ్లీ.
వెనక్కి మీట పొడుగ్గా ఉంటుంది,
దాని గొంతు కాస్త బొంగురు, ఈ పనిలో ఉన్నోడికి తెలుస్తుంది.
ఎన్నిసార్లు నొక్కుతుందో లెక్కపెట్టబోయి
మానుకున్నాను.
లారీలు లెక్కపెట్టాను.